కత్తిరింపు ముక్కలలో సముద్రము

సముద్రజలములో తేలియాడు సూక్ష్మజీవులకు 1887లో విక్టర్ హెన్సెన్ ‘ప్లాంక్టన్’ అని పేరు పెట్టెను. మనము ప్లవకములనుచున్నాము. వానిని లెక్కించుటకు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని ముందు మెడలు పడిపోవునట్లు కూర్చుండెడివారు. ఇప్పుడా పనిని నీటిలో మునిగియున్న కెమెరాలు చేయుచున్నవి.

అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థలో రాబర్ట్ ఓల్సన్, హైడి సోసిక్ గార్లు నిర్మించిన ఇమేజింగ్ ఫ్లోసైటోబాట్ అట్టిది. సుమారు 20 నిమిషముల కొకసారి 5 మిల్లీలీటర్ల నీటిని అది పీల్చుకొనును. సన్నని ధారగా సాగు ఆ నీటిపై లేజరు కాంతి పడును. కణములో పత్రహరితమున్నచో అది ఎర్రగా వెలుగును. ఆ వెలుగే కెమెరాకు సైగ. చిత్రము పడిన వెంటనే యంత్రము ఆ జీవి చుట్టు దీర్ఘచతురస్రము గీచి, ఆ ముక్కను మాత్రమే భద్రపరచును. మార్తాస్ విన్‌యార్డ్ దీవి చెంత 2006 నుండి పోగైన ముక్కలు కోట్లకొలది.

ఇన్నిటిని చూచువా రెవరు? యంత్రమే చూచి పేర్లు పెట్టునని కొందరి సమాధానము. పెట్టనిండు. అయినను మనుష్యుడు కన్ను త్రిప్పుకొనరాదని నా అభిప్రాయము.

2008లో టెక్సాస్ తీరమున పోర్ట్ అరాన్సాస్ వద్ద ఏమి జరిగినదో చూడుడు. అచటి యంత్రము పంపిన ముక్కలలో డైనోఫైసిస్ అను ఏకకణజీవి నానాటికి పెరుగుచున్నట్లు లీసా క్యాంప్‌బెల్ గారి బృందము గుర్తించెను. ఆ జీవిని తిన్న ఆల్చిప్పలలో విషము చేరును. ఆ ఆల్చిప్పలను తిన్నవారికి వాంతులు, విరేచనములు పట్టుకొనును. అధికారులు వెంటనే ఆల్చిప్పల సేకరణను నిలిపివేసిరి. జబ్బుపడినవారు లేరు.

అందొక వింత కలదు. డైనోఫైసిస్‌కు స్వంత హరితరేణువులు లేవు. మీసోడీనియమ్ అను మరియొక జీవిని పట్టి, దానినుండి అపహరించును. మీసోడీనియమ్‌కును అవి దొంగసొత్తే! ఆ దొంగసొత్తు వెలుగుననే దొంగ దొరికినది.

మరి పత్రహరితమే లేని జీవి మాట యేమి? ఈ పద్ధతిలో అది వెలుగదు, కెమెరా కదలదు, ముక్క రాదు. వచ్చిన ముక్కలో సైతము ప్రక్కన నున్న జీవి యేదో తెలియదు. కొలత గీత లేనిచో పెద్దదియు చిన్నదియు ఒక్క తీరుగనే కనబడును. ఈ లోపములు యంత్రమునకు తెలియవు. పిల్లలకు తెలియవలెను. ఎట్టి నమూనా పటమును చూపినను కన్నులు మూసి నమ్ముట మన తరగతులలో ఎప్పటినుండియో ఉన్న జాడ్యము గదా.

వుడ్స్ హోల్ వారి చిత్రములు ఎవరైన చూచుటకు వీలుగ నున్నవి. ఉపాధ్యాయులు పది ముక్కలను ఎన్నుకొని, పేర్లు చెరిపి, పిల్లల ముందుంచవచ్చును. మొదట చూచినది చూచినట్లు గీయమనవలెను. పిమ్మట పోలికనుబట్టి జట్లుగా పేర్చమనవలెను. ఇద్దరు పేర్చిన తీరు ఒకటి కాదు, వాదులాడుకొననిండు. యంత్రము పెట్టిన పేర్లను ఆ వాదము ముగిసిన తరువాతనే చూపవలెను.