ముందు సాదాప్రతి, వెనుక మేలుప్రతి

విశాఖపట్టణపు ఓడరేవులోనో, ఉక్కు కర్మాగారములోనో శ్రమించి ఇల్లు చేరిన కుటుంబీకుడు తాను మెచ్చిన చలనచిత్రపు డిస్కును ఒకప్పుడు ముచ్చటపడి కొనెడివాడు. కొంతకాలమునకు అదే చిత్రము మెరుగైన ప్రతిగా అంగడికి వచ్చెడిది. ఇది వ్యాపారుల మాయయా?

కొంత మాయ, కొంత అవసరము. చిత్రమును గూర్చిన వేడి చల్లారకమునుపే సాదాప్రతి అమ్ముడుపోవలెను. మేలుప్రతికి మూలపు నెగటివును వెదకి, గీతలు తుడిచి, శబ్దమును శుభ్రపరుపవలెను; అందులకు కాలము, ధనము రెండును కావలెను. 1957లో వెలువడిన ‘మాయాబజార్’ దశాబ్దములపాటు నలుపు తెలుపులలోనే ప్రజలను అలరించినది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి రంగులద్ది, శబ్దమును సంస్కరించి థియేటర్లకు తెచ్చినది 2010లో. అయినను మార్కస్ బార్‌ట్లే కూర్చిన వెలుగునీడలే మేలనువారును కలరు.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగమునకు 2002 ఆగస్టులో సాదాప్రతియు, నవంబరులో విస్తృతప్రతియు వచ్చినవి. రెండవది రానున్నదని ముందే ప్రకటించుటచే ఆగగోరినవారు ఆగగలిగిరి. కావున దోషము వరుసలో లేదు, దాపరికములో ఉన్నది.

ఒకమారు కొన్నదానిని మరల కొనలేని పాఠశాల గ్రంథాలయమునకు ఈ దాపరికము వలన నష్టము మెండు. పుస్తక ప్రకాశకులకును ఇదే ధర్మము వర్తించును. అట్లని అందరును మేలుప్రతికై వేచియున్నచో, మొదటి దానికి గిరాకి లేక రెండవది అసలే రాకపోవచ్చును. కొనువాడు ఓర్పును, అమ్మువాడు సత్యమును పాటించుటయే ఉభయతారకము. “ఇది ఎన్నవ కూర్పు?” అని అడుగుట విద్యార్థులకు ఉపాధ్యాయులు నేర్పదగిన మొదటి పాఠము.