అనీస్ కుడిచెయ్యి ఎవరిది?

ఇక్కడ ధహ్రాన్‌లో నలభై దాటిన సౌదీ సహోద్యోగి ఎవరి దగ్గరైనా "ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్" అని చూడండి. ముందు నవ్వు, వెంటనే టైటిల్ పాట. అలీబాబా కథలో గుహ తలుపు తెరిపించే మంత్రమే అది. అమెరికా వాళ్ళ "సెసమీ స్ట్రీట్"కి అరబ్బీ రూపం. గల్ఫ్ దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ కువైట్‌లో తీసింది, 1979లో మొదలైంది. ఏ దేశపు యాసా కాకుండా అందరికీ అర్థమయ్యే పుస్తకాల అరబ్బీలో నడిపారు. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక ఆ కథ చాలాకాలం ఆగిపోయి, 2015లో అబుదాబి నుంచి మళ్ళీ మొదలైంది.

నుమాన్ అనే ఒంటె, మల్సూన్ అనే చిలక అక్కడే పుట్టిన బొమ్మలు. అమెరికా భాగాలకి మాత్రం డబ్బింగ్ చెప్పారు. అలా ఎర్నీ "అనీస్" అయ్యాడు, బర్ట్ "బద్ర్" అయ్యాడు.

ఆ మధ్య కాఫీ దగ్గర ఇదే చర్చ వచ్చింది. అనీస్ ఎవరు? గొంతు ఇచ్చిన అరబ్ నటుడని ఒకాయన, కాదు జిమ్ హెన్సన్ అని ఇంకొకాయన. నన్నడిగితే ముగ్గురు. ఆ మూడో మనిషి గురించే ఈ గోలంతా.

ఎర్నీకి ఒక తల, రెండు చేతులు. హెన్సన్ తన కుడిచేతిని తలమీదికెత్తి బొమ్మ నోట్లో పెట్టేవారు, ఎడమచెయ్యి బొమ్మ ఎడమచేతిలో. మనిషికున్నవి రెండే చేతులాయె! బొమ్మ కుడిచేతిలో ఇంకొకరి చెయ్యి ఉండాలి. ఆ ఇంకొకరు హెన్సన్‌ని అంటిపెట్టుకుని, అదే ఇరుకులో, కింద పెట్టిన మానిటర్ చూస్తూ పని చెయ్యాలి. ఆ మానిటర్ అద్దంలా ఉండదు, కుడివైపు జరిగితే బొమ్మ ఎడమవైపు పోయినట్టు కనిపిస్తుంది. పైగా తల ఎటు తిరగబోతోందో, నవ్వబోతోందో, ఏం పట్టుకోబోతోందో ముందే పసిగట్టాలి. ఒక్క క్షణం వెనకపడితే చాలు, అది ఎర్నీ చెయ్యి కాదు, ఎవరిదో చెయ్యి.

దీన్ని "సహాయం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బర్ట్‌గా లోకానికి తెలిసిన ఫ్రాంక్ ఆజ్ కూడా 1960లలో జిమ్మీ డీన్ షోలో రౌల్ఫ్ అనే కుక్క బొమ్మకి కుడిచెయ్యిగా పనిచేసినవాడే. సెసమీ స్ట్రీట్‌లోనే స్నఫీ అని ఏనుగంత బొమ్మ ఉంది, లోపల ఇద్దరు. ముందువాడు మాట్లాడతాడు, వెనకవాడు నడుస్తాడు. బ్రయాంట్ యంగ్ ఏళ్ళ తరబడి ఆ వెనక సగమే. మన కన్సల్టెంట్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదనుకుంటా. కోడ్ ఒకరిది, స్లైడ్ ఇంకొకరిది.

ఇవన్నీ చెబితే పిల్లలకి మాయ పోతుందంటారు కొందరు. నేనొప్పుకోను. మన తోలుబొమ్మలాట చూసిన పిల్లలెవరైనా ఒక్కసారైనా తెర వెనక్కి తొంగిచూసే ఉంటారు. చూసొచ్చి మళ్ళీ ముందు కూర్చుని జుట్టుపోలిగాడికి పగలబడి నవ్వారు. మాయ ఎక్కడికి పోయింది?

ఆ తెర వెనక మాత్రం సెసమీ స్ట్రీట్ స్టూడియోకి తక్కువేం లేదు. బొమ్మ నడుమ ఒక పుల్ల, చేతులకి వేరే పుల్లలు. రావణుడు నడుస్తుంటే కాళ్ళకింద చెక్కలు టపటపా తొక్కి యుద్ధాన్ని వినిపిస్తారు. ఆడించే మనిషి చేతులు బొమ్మవి, గొంతు పాత్రది, కాళ్ళు వాద్యానివి. సీత మాటలూ పాటలూ ఇంట్లో ఆడవాళ్ళవి. బంగారక్క పేరు మనందరికీ తెలుసు. బంగారక్కకి గొంతిచ్చిన ఆవిడ పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఎప్పుడో రావలసిన గౌరవం, సంతోషించాం. అవార్డు ఒక్క మనిషికే ఇవ్వగలరు, అది వాళ్ళ పద్ధతి. మనం తీసుకునే వీడియోలకీ, రాసుకునే వ్యాసాలకీ ఆ ఇబ్బంది లేదు కదా. అయినా "ఫలానావారి బృందం" అని ఒక్క ముక్కతో సరిపెడతాం. బృందం అంటే ఎవరు? భార్య, తమ్ముడు, కోడలు, చెక్కలు తొక్కే కుర్రాడు. పేరు రాసుకోకపోతే ఆ కుర్రాడు ముప్ఫై ఏళ్ళు ఆడినా ఏ రికార్డులోనూ ఉండడు. ఈ కళని ఎందుకు పట్టుకుని వేలాడాలో అతనికి మనం చెప్పలేం.

పండగలకి ఊరెళ్ళి ఫోన్లో ఆట చిత్రించి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మంచిపనే. ఈసారి ఆట అయ్యాక ఒక్క పది నిమిషాలు తెర వెనక్కి వెళ్ళండి. ఎవరు ఏ బొమ్మ పట్టారు, ఏ పాట ఎవరు పాడారు, చెక్కలు తొక్కింది ఎవరు అని అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే, ఇంటిపేరుతో సహా వీడియో కింద రాయండి. తెలుగులోనే రాయండి, వాళ్ళూ చదువుకుంటారు.