ఎలుగుబంటి దారిలో గుత్తివంకాయ కూర

ఆ రోజుకి మా అమ్మాయికీ నాకూ మాటల్లేక రెండు రోజులు. ఓ సంబంధం గురించి నేనో మాటన్నాను, అదో మాటంది. అంత దూరం విమానమెక్కి వెళ్లింది ఇలా మూతి ముడుచుకుని కూర్చోడానికా అని నాకే ఏడుపొచ్చింది. కానీ గది ముందే తీసుకుని ఉంది కదా, 2023 సెప్టెంబరులో ఇద్దరం అమెరికాలో మాంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కుకి వెళ్లాం.

లోగన్ పాస్ అనే చోట నడక మొదలు. ఎత్తు 6,646 అడుగులు. అక్కడి అటవీ ఉద్యోగిని మమ్మల్ని చూసి, "ఇద్దరేనా? అయితే దారి పొడుగునా గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి" అంది. ఆ కొండల్లో గ్రిజ్లీలు, నల్ల ఎలుగులు రెండూ ఉన్నాయి. చప్పుడు లేకుండా మలుపు తిరిగి దాని ఎదురుగా పడితేనే ప్రమాదమట. చిన్న గంటలు కట్టుకుంటే ఆ చప్పుడు చాలదట, మనిషి గొంతే మేలట. మాటల్లేని తల్లీకూతుళ్లకి ఎంత చిక్కో చూడండి!

అమ్మాయి నడుముకి ఓ డబ్బా తగిలించుకుంది. ఎలుగుబంటి మీద కొట్టే మందు. తీరా అడిగితే అందులో ఉన్నది మన మిరపకాయ ఘాటే! దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు సుమండీ. ఎలుగు మీదికి వస్తే దాని ముఖం వైపు కొట్టాలి. విమానంలో తేనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. సంచీ అడుగున పడేస్తే లాభం లేదు, చేతికి అందేలా ఉండాలి.

ఎడంపక్క లోయ, కుడిపక్క బండ. పట్టుకోడానికి బండకి తీగ కట్టారు. మాట్లాడ్డానికేం తోచక నేను గుత్తివంకాయ కూర ఎలా చెయ్యాలో గట్టిగా చెప్పడం మొదలెట్టాను. "వేరుశనగపప్పు దోరగా వేయించి..." అంటుంటే వెనక నుంచి, "నువ్వులు మర్చిపోయావమ్మా" అంది. హమ్మయ్య, నోరు విప్పింది!

కమలాపండు తిని తొక్క మట్టిలో కలిసిపోతుంది కదా అని విసరబోతే చెయ్యి పట్టుకుంది. తొక్కైనా సరే వెనక్కి తీసుకెళ్లాలట. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మనుషుల దగ్గరికే వస్తుంది, చివరికి దాన్ని చంపెయ్యాల్సి వస్తుంది. మా ఉద్దానం జీడితోటల్లో ఎలుగుల భయం నాకు తెలుసు కాబట్టి మారుమాట్లాడకుండా సంచీలో వేసుకున్నా.

మధ్యాహ్నం ఓ మలుపు దాటగానే అమ్మాయి ఆగిపోయింది. కింద ఎర్రబారిన పొదల మధ్య గోధుమరంగు ఎలుగు, భుజాల మీద మూపురం. వంద గజాలకి కాస్త పైనే ఉంటుంది. శీతాకాలమంతా గుహలో పడుకోవాలి కాబట్టి ఆ రోజుల్లో అవి పొద్దస్తమానం తింటూనే ఉంటాయి. నేను పరుగెత్తబోయాను. "పరుగెత్తకమ్మా, పరుగెత్తితే తరుముతుంది. నా వెనకే ఉండు" అని డబ్బా చేతిలోకి తీసుకుని నాకు అడ్డంగా నిలబడింది. మెల్లగా మాట్లాడుతూనే ఒక్కో అడుగు వెనక్కి వేశాం. అది తలెత్తి చూసి మళ్లీ పళ్ల మీద పడింది.

చెప్పొద్దూ, నా కాళ్లు వణికినా కళ్లు మాత్రం దాని మీదే ఉన్నాయి. ఎలుగు మీద కాదు, మా అమ్మాయి మీద. నా కొంగు పట్టుకుని బడికెళ్లిన పిల్లేనా ఇది అనుకున్నా. ఎలుగుకి అడ్డం నిలబడ్డ పిల్లకి తన బతుకు సంగతి తను ఆలోచించుకోవడం రాదనా నేను అంత రభస చేసింది?

తిరుగుదారిలో అడిగాను, "నీకెందుకు ఇష్టం లేదో చెప్పవే" అని. గంటసేపు చెప్పింది. నేను అడ్డు రాకుండా విన్నాను. ఆ సంబంధం వద్దని మావారికి నేనే ఫోన్లో చెప్పాను.

మీ ఇంట్లోనూ పిల్లలతో మాటలు ఆగిపోయాయా? దానికోసం ఎలుగుబంటి దాకా వెళ్లక్కర్లేదు లెండి. ముందు గుత్తివంకాయతో మొదలెట్టండి. నువ్వులు మాత్రం మర్చిపోకండి.