ఐదు రసముల బీరు, మన అరిష్టములు

“ధనియాలు, నారింజ తొక్క వేసిన బీరు హాని చేయదండీ, అది మన ద్రాక్షారిష్టము వంటిదే” అని వాదించువారు విదేశములనుండి వచ్చిన బంధుమిత్రులలో తరచుగా కనిపించుచున్నారు. జవాబు చెప్పవలెనన్న ఆ పానీయమేమో ముందు తెలియవలెను గదా! బ్రస్సెల్స్ నగరమునకు వెళ్ళినప్పుడు రెండు గుక్కలు రుచి చూచితిని.

బెల్జియములో ఘాటైన ఏల్ అను జాతి బీరులో మద్యసారము సాధారణముగా 8 నుండి 12 శాతము ఉండును. నేను రుచి చూచినది 10 శాతముది. పుల్లని చెర్రీ పండ్లు, ధనియాలు, నారింజ తొక్క చేర్చి, ఓక్ చెక్క పీపాలో నెలల తరబడి మాగనిచ్చినది. రంగు ముదురు బెల్లపు పాకము. వాసనలో ఎండుద్రాక్ష, దాని వెనుక తడిచెక్క. నాలుకపై మొదట మధురము, వెంటనే చెర్రీ పులుపు, ఆపై చెక్కనుండి దిగిన వగరు, హాప్స్ పూల చేదు, మ్రింగిన తరువాత గొంతులో కారము వంటి వేడి. లవణము తప్ప ఐదు రసములు! కరక్కాయకు మన శాస్త్రము చెప్పిన లెక్కయు ఇదే. రుచి విషయములో వంక పెట్టుటకు నాకు నోరు రాదు.

తయారీలోనూ పోలిక కలదు. కషాయము కాచి పులియబెట్టినది అరిష్టము, కాచకుండ పులియబెట్టినది ఆసవము. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ రసమును హాప్స్‌తో మరిగించి పులియబెట్టుదురు గనుక బీరు అరిష్టమునకు దగ్గరి చుట్టమే. మనవారు బెల్లము, ధాతకీ పుష్పములు వేసి, ఏలకులు, దాల్చినచెక్క వంటివి ప్రక్షేపముగా చేర్చి, నేయి పూసిన కుండకు సంధిబంధనము చేయుదురు. అక్కడి పీపా చెక్క కొద్దికొద్దిగా గాలిని లోనికి రానిచ్చును. ఆ గాలి, చెక్కలో కాపురముండు సూక్ష్మజీవులు కలసి పులుపును పెంచును.

అయితే మాత్ర సంగతి? ఆ బీరు 330 మిల్లీలీటర్ల సీసా ఒకటి త్రాగినచో సుమారు 26 గ్రాముల మద్యసారము లోనికి పోవును. 10 శాతము గల అరిష్టమైనను, 24 మిల్లీలీటర్ల మోతాదులో 2 గ్రాములకు మించదు. అదియు సమముగా నీరు కలిపి, భోజనానంతరము. బీరులో పడిన ధనియాలు పరిమళమునకు చాలును గాని చికిత్సకు చాలవు. మద్యపానీయములు క్యాన్సరు కారకములని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. హానిలేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

నాకు ఇంతకంటె ఎక్కువ కోపము తెప్పించునది మన ఇంటి మాట. “అరిష్టములో మద్యము లేదు, మూలికలే” అని చెప్పి అమ్మువారు మనలోనే ఉన్నారు. అది అబద్ధము. పులిసినప్పుడు స్వయముగా పుట్టిన మద్యసారము వానిలో సాధారణముగా 5 నుండి 10 శాతము ఉండును. చరకుడు చికిత్సాస్థానములో 24వ అధ్యాయమంతయు మదాత్యయమునకే కేటాయించెను. ఆ శాస్త్రమును చదివినవారు ఈ సంగతి దాచుట తగునా?

కాలేయవ్యాధి గలవారు, గర్భిణులు, బాలింతలు, త్రాగుడు మానుకున్నవారు, మెట్రోనిడజోల్ లేక డైసల్ఫిరామ్ మాత్రలు వాడుచున్నవారు అరిష్టము పుచ్చుకొనుటకు ముందే ఆ మాట వైద్యునికి చెప్పవలెను. అవే మూలికలను చూర్ణముగానో కషాయముగానో ఇచ్చు వీలున్నదేమో అడుగవలెను.