చిత్రమున నడిమి చోటు

ఛాయాచిత్రము తీయుట యొకప్పుడు పట్టణములందలి స్టూడియోవారి పని. నేడు సెల్ ఫోను చేతనున్న ప్రతి గృహిణియు ఆ పని చేయుచున్నది. పండుగనాటి ముగ్గు, బిడ్డ తొలియడుగు, పుట్టింటి వాకిటి వేపచెట్టు, అన్నియు ఆ చిన్న తెరమీదికి వచ్చుచున్నవి. కొన్ని ఫోనులలో చిత్రము తీయబోవునపుడు తెరపై నిలువున రెండు, అడ్డముగ రెండు సన్నని గీతలు కానవచ్చును. “వస్తువును నడుమ నుంచరాదమ్మా, ఈ గీతలు కలియుచోట నుంచవలెను” అని చదువుకొన్న పిల్లలు తల్లులకు బోధించుచుందురు. తల్లి అన్నింటిని నడుమనే నిలిపి తీసినదని నవ్వుటయు కలదు. ఆ నవ్వునకు తగిన కారణ మున్నదా యని ఈ నెల విచారింతము.

ఆ గీతల నియమమునకు మూడవవంతుల సూత్రమని పేరు. చిత్రమును నిలువునను అడ్డముగను మూడేసి భాగములు చేసి, ముఖ్యవస్తువును గీతలు కలియు నాలుగు చోట్లలో నొకదానియొద్ద నుంచవలెనని దాని సారాంశము. ఇది కెమేరాతో పుట్టినది కాదు. జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు 1797లో పల్లెదృశ్యములను గూర్చి ప్రకటించిన గ్రంథమున దీనికీ పేరు పెట్టెను. ఆకాశమునకు రెండు వంతులు, భూమికి ఒక వంతు, లేదా భూమికి రెండు, ఆకాశమునకు ఒకటిగా పంచిన చిత్రము ఇంపుగ నుండునని యాతని యభిప్రాయము. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో; అనగా ఈ మాట అంతకు నలువది రెండేండ్లు ముందుది. చెట్లు, గుడిసెలు, వాగులు, మబ్బులు, ఎటుచూచినను కన్నునకు పని కల్పించు దేశమును చూచి చెప్పిన మాట. అట్టిచోట ఒకదానిని ప్రక్కకు జరిపినను మిగిలిన తావును నింపుటకు మఱియొకటి సిద్ధముగ నుండును.

పాశ్చాత్యులైనను అందఱును నడిమి చోటును విడిచినవారు కారు. లియొనార్డో డావించి 15వ శతాబ్ది చివర మిలాన్ నగరమున గోడపై వ్రాసిన కడపటి విందు చిత్రమున క్రీస్తు నడుమనే కూర్చుండియున్నాడు. ఆ గది గోడల గీతలన్నియు ఆయన తలవైపునకే పోవుచున్నట్లు చిత్రింపబడినవి.

మన అనంతపురపు మెట్టభూముల తీరు వేఱు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనపు వాన ఇచ్చటికి చేరునప్పటికి సన్నగిల్లిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. ఎఱ్ఱనేల, వేరుసెనగ చేలు, గుండ్లు తేలిన గుట్టలు. వాని నడుమ ఎక్కడనో యొక చింతచెట్టు, ఒక బావి, ఒక గుడి. చూపు మేర ఒక్క చెట్టే కనబడుచోట ఆ చెట్టును ప్రక్కకు జరిపి తీసినచో, “ఇచ్చట ఎంత బయలున్నది!” అని చిత్రము పలుకును. నడుమ నిలిపి తీసినచో, “ఇంత బయలులోను ఇది నిలిచియున్నది” అని పలుకును. రెండును నిజములే. ఎండిన చేనిని చూపదలచినవారికి మొదటిది తగును. ఆ యెండను ఓర్చిన చెట్టును చూపదలచినవారికి రెండవది తగును. మనము చెప్పదలచిన మాటను బట్టి చోటును నిర్ణయింపవలెను గాని, గీతలను బట్టి మాటను మార్చుకొనరాదు.

ఈ భేదమును కన్నులార చూడగోరువారు లేపాక్షికి పోవలెను. హిందూపురమునకు చేరువనున్న ఈ యూరు 2022 ఏప్రిల్ 4వ తేదీన అనంతపురము నుండి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అచ్చటి వీరభద్రాలయము 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించినది. ఆలయప్రాంగణమున పెద్ద గుండున మలచిన నాగలింగము కలదు. ఏడుపడగల సర్పము చుట్టలు చుట్టుకొని, పడగలను గొడుగువలె విప్పి, లింగమునకు నీడ పట్టుచున్నది. దానిని చూచువాడు ఎదుట నిలువవలెనని శిల్పియే నిర్ణయించినాడు. నడిమి పడగ, దాని క్రింద లింగము, ఇరుప్రక్కల సరిసమానముగ తక్కిన పడగలు. దీనిని మూడవవంతు గీతపైకి జరిపిన చిత్రమున ఒకప్రక్క పడగలు ఇఱుకున పడును, రెండవప్రక్క పని లేని గోడ మిగులును.

ఆలయమునకు కొంత దూరమున బసవన్న యున్నాడు. సుమారు 15 అడుగుల యెత్తు, 27 అడుగుల పొడవు గల ఏకశిలావిగ్రహము. మెడయెత్తి గుడివైపు చూచుచున్నాడు. ఈతనిని ప్రక్కనుండి తీయునపుడు నడుమ నుంచినచో చూపు చిత్రపు అంచున కొట్టుకొని ఆగిపోయినట్లుండును. కొంత వెనుకకు జరిపి ముఖము ముందు చోటు విడిచినచో ఆ చూపు పాఱుటకు దారి దొరకును. ఒకే యూర నాగలింగమునకు నడిమి చోటు తగినది, బసవన్నకు ప్రక్కచోటు తగినది. మనకెదురుగ నిలిచి మనలను చూచుదానిని నడుమ నిలుపుడు. ఎటో చూచుచున్నదానిని, ఎటో పోవుచున్నదానిని ప్రక్కకు జరిపి దాని ముందు చోటు విడువుడు. పరుగెత్తు బిడ్డ, కదలు బండి, నీళ్లబిందెతో నడచు స్త్రీ ఈ రెండవ తెగలోనివారు. ధర్మవరము ప్రాంతపు నిమ్మలకుంట తోలుబొమ్మలలో పెక్కింటికి ప్రక్కమొగమే యుండుట చూడుడు. అవి తెరపై నడచుచు ఒకదానితో నొకటి మాటలాడవలసినవి గదా! ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

నడిమి చోటును గూర్చి స్త్రీలకు ఒకరు నేర్పవలసినది లేదు. చుక్కల ముగ్గు పెట్టునపుడు నడిమి వరుస సరిగా పడనిచో ముగ్గంతయు ఒరిగిపోవునని మీ రెఱుగుదురు. ఆ చేతితోనే చిత్రమును తీయవచ్చును. కావలసిన జాగ్రత్తలు నాలుగైదు మాత్రమే.

మొదటిది, వస్తువునకు సరిగా ఎదుట నిలువవలెను. అర అడుగు ప్రక్కకు తొలగినను స్తంభములు ఒకవైపు లావుగను, ఒకవైపు సన్నగను కనబడును. రెండవది, ఫోనును ఛాతీ యెత్తుననో, కన్నుల యెత్తుననో నిలువుగ పట్టవలెను. పైకెత్తి వంచినచో గోడలు లోనికి వ్రాలినట్లుండును. చిన్నబిడ్డను తీయునపుడు మీరు కూర్చుండుడు. మూడవది, నడుమ నిలుపుట యనగా సగము నడుమ నిలుపుట కాదు. కుడియెడమల చోటు సమానమో కాదో చూచి మఱి తీయుడు. పిల్లలు చూపిన ఆ గీతలే ఇందుకును ఉపకరించును. వాని నడిమి గడిలో ముఖమును ఉంచుడు. నాల్గవది, వెనుక నొక చట్రము వెదకుడు. గడప, ద్వారబంధము, రెండు స్తంభముల నడిమి తావు నడుమనున్నవారికి సహజముగ అమరును. చతురపు చిత్రమైన మఱియు మేలు. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ కెమేరాల ఫిల్ముపై చిత్రము ఆరు సెంటీమీటర్ల చతురముగ పడెడిది. నాలుగుప్రక్కలు సమానమైన చోట కన్ను తానే నడుమకు పోవును. కడపట, మన సీమ మధ్యాహ్నపు టెండ ముఖముపై నల్లని నీడలు పఱచును గాన, ఉదయముననో వసారా నీడనో తీయుడు.

ఇక కుటుంబ చిత్రముల మాట. 1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదున పరదా స్త్రీల కొఱకు ప్రత్యేకముగ జనానా స్టూడియో నెలకొల్పి, చిత్రములు తీయుటకు ఒక ఆంగ్లవనితను నియమించెను. ఇల్లు దాటరాని స్త్రీకి చిత్రమున చోటు దొరకుటయే అప్పటికి విశేషము. పిమ్మట ఊరూర స్టూడియోలు వెలసినవి. పాత చిత్రములను తీసి చూడుడు. నడిమి కుర్చీలో ఇంటిపెద్ద, నేలపై పిల్లలు, అంచున నిలిచిన కోడండ్రు. నడుమ నెవరున్నారో వారే ఆ యింటి గౌరవమునకు పాత్రులని చూచినవారికి మాట లేకయే తెలియును. ఫోను కటకము దగ్గఱనుండి తీసినపుడు అంచుననున్నవారి ముఖములను సాగదీయును కూడ. ఎల్లప్పుడు అంచున నిలుచు ఆమె ఎల్లప్పుడు వికారముగ పడుటకు ఆమె రూపము కారణము కాదు.

ఈ సీమలో వానలు తప్పిన యేడు మగవారు బెంగళూరు పనులకు పోగా, ఇల్లును, పశువులను, వృద్ధులను, పిల్లలను కనిపెట్టినవారు స్త్రీలు. అట్టి యింట తల్లి చిత్రము వెదకినచో నేమి దొరకును? పెండ్లినాటిదొకటి, పిమ్మట ఇతరుల భుజముల వెనుక సగము ముఖము. తఱచుగ అదియు నుండదు, ఫోను పట్టి అందఱిని తీసినది ఆమెయే గనుక.

కావున ఈ నెల ఒక పని చేయుడు. మీ యింటి అవ్వనో, అత్తగారినో, తల్లినో గడపలో కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. ఎదుట నిలిచి, ఇరువైపుల చోటు సరిచూచి, నడుమ నిలిపి ఒక చిత్రము తీయుడు. పిమ్మట ఫోనును పిల్లల చేతికిచ్చి మీరును ఆ కుర్చీలో కూర్చుండుడు.