వాక్యూమ్ క్లీనరు కొనేవారు ముందుగా సంచిని చూడవలెను

ఆయుర్వేద వైద్యుడికి యంత్రాల గొడవ ఎందుకని కొందరు పాఠకులకు తోచవచ్చును. అట్టివారు చరకసంహిత చికిత్సాస్థానంలోని పదిహేడవ అధ్యాయాన్ని ఒకసారి తెరచి చూడవలెను. ఎక్కిళ్ళకు, శ్వాసరోగానికి కారణాలను చెబుతూ ఆచార్యులు మొట్టమొదటనే రజస్సును, ఆ వెంటనే ధూమాన్ని పేర్కొన్నారు. రజస్సనగా దుమ్మే. రోగకారణాన్ని దూరం చేయడానికి నిదాన పరివర్జనమని పేరు. చికిత్స అక్కడనే ఆరంభమవుతుంది. దుమ్మును గదిలో ఉంచుకొని ఎన్ని లేహ్యాలు మ్రింగినా ఓటికుండలో నీళ్ళు పోసినట్లే. కనుక ఇల్లు దేనితో శుభ్రం చేస్తున్నారన్నది వైద్యుడు అడుగవలసిన ప్రశ్నయే. ఆ ప్రశ్నను నేను సగం అడిగి ఊరుకున్నందువల్ల ఒక రోగికి కలిగిన బాధను మొదట చెబుతాను.

విజయవాడలో అపార్టుమెంటులో నివసించే ఒక ఉపాధ్యాయిని తమకశ్వాసతో నా వద్దకు వచ్చేవారు. ఔషధం, పథ్యం చెప్పి, పొడి చీపురుతో ఊడ్చడం మానివేసి దుమ్ము లాగే యంత్రం ఒకటి కొనుక్కోమన్నాను. ఆమె కొన్నారు. నెల తరువాత వచ్చి, "వారమంతా బాగానే ఉంటున్నదండీ, ఆదివారం రాత్రి మాత్రం ఊపిరి ఆడడం లేదు" అన్నారు. ఆదివారపు భోజనం మీద నాకు అనుమానం కలిగింది. పెరుగు మాన్పించాను, పిండివంటలు మాన్పించాను. మూడు వారాలు వ్యర్థమైపోయాయి. చివరకు ఆదివారం ఉదయం లేచింది మొదలు ఏమేమి చేస్తారో వరుసగా చెప్పమంటే అసలు సంగతి బయటపడింది. వారం పొడుగునా యంత్రంలో చేరిన దుమ్మును ఆ రోజున బాల్కనీలోనికి తీసుకువెళ్ళి ఆమే దులుపుతారు. అది సంచి లేని రకం. డబ్బా మూత తెరచి, లోపలి ఫిల్టరును గోడకు తట్టి, అరచేతితో రుద్ది శుభ్రం చేస్తున్నారు. ఏడు రోజుల దుమ్మును ఏడు నిమిషాలలో పీలుస్తున్నారన్నమాట. యంత్రం కొనమన్న నేను ఏ యంత్రమో చెప్పలేదు. తప్పు నాదే.

మా గురువుగారి ఇంట మందులు నూరే చావడిలో పెరిగినవాడను కనుక ఈ విషయం నాకు ముందే తట్టవలసినది. చూర్ణాన్ని సన్నని గుడ్డలో వేసి జల్లించడాన్ని వస్త్రగాళితం అంటారు. ముతక పొడి గుడ్డలో నిలుస్తుంది. మెత్తనిది క్రిందికి దిగుతుంది. అత్యంత సూక్ష్మమైనది గాలిలో తేలి జల్లించేవాని ముక్కులోనికి పోతుంది. పిప్పలి జల్లించిన రోజున మేము తుమ్మని క్షణం ఉండేది కాదు. ఉతికి మరల వాడుకొమ్మని కొన్ని యంత్రాలతో ఇచ్చే గుడ్డసంచి చేసే పని అచ్చంగా ఇదే. గదిలోని దుమ్మును వస్త్రగాళితం పట్టి, సూక్ష్మమైన భాగాన్ని వెనుకనుండి మరల గదిలోనికే వదులుతుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరేది ఆ భాగమే.

అందుచేత నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. ఇంట్లో ఉబ్బసరోగి గాని, ఎడతెగని తుమ్ములతో బాధపడేవారు గాని ఉంటే, ఒకసారి వాడి పారవేసే సంచి ఉన్న యంత్రాన్నే కొనవలెను. ఆ సంచి అనేక పొరల నేతలేని వస్త్రంతో చేసినదైతే శ్రేష్ఠం, కాగితపుది మధ్యమం. సంచి మూతికి అట్టముక్క, దానికొక మూత ఉండవలెను. నిండిన సంచిని మూసి, చేతికి దుమ్ము తగలకుండా చెత్తబుట్టలో వేయగలగాలి. గాలి బయటకు పోయేచోట హెపా ఫిల్టరు ఉండవలెను. 0.3 మైక్రాన్ల రేణువులలో 99.97 శాతం ఆపగలిగినది హెపా అని అమెరికా ప్రమాణం. మన తలవెంట్రుక మందం 50 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుందంటే ఆ సూక్ష్మత ఊహించుకోవచ్చును. అయితే యంత్రపు అతుకులలో సందులుంటే ఎంత గొప్ప ఫిల్టరైనా నిరుపయోగం. దుకాణంలోనే నడిపించి, అతుకుల వెంబడి చేయి పెట్టి చూడండి, గాలి తగలరాదు.

ఈ సంచి ఆలోచన యంత్రం పుట్టుకతోనే ఉన్నది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణాన్ని ఊడ్చే ఉద్యోగం చేసేవాడు. ఆయన ఉబ్బసరోగి. ఊడ్చినప్పుడు లేచే దుమ్ము భరించలేక, ఫ్యాను మోటారుకు చీపురుకర్ర కట్టి, దిండు గలీబును సంచిగా తగిలించి ఒక యంత్రం చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు పొందాడు. ఆ పేటెంటును కొన్న హూవర్ పేరు లోకమంతా మారుమ్రోగింది గాని, పుట్టించినది రోగి అవసరమే.

మన ఇళ్ళకు నేలమీద చక్రాలతో వెంట వచ్చే చిన్న కానిస్టర్ రకం అనుకూలం. గొట్టం చివర మాత్రమే చేతిలో ఉంటుంది కనుక మంచం క్రిందికి, బీరువా వెనుకకు సులువుగా పోతుంది, నడుము వంచనక్కరలేదు. వంటింటి అలమరలో పట్టేంత చిన్నదైతే రోజూ బయటకు తీస్తారు. పెద్దది అటక ఎక్కుతుంది. బరువు ఇంటి ఇల్లాలు ఒక చేత్తో ఎత్తగలిగినంతే ఉండవలెను. మన మొజాయిక్, టైల్స్ నేలలకు మెత్తని కుచ్చులున్న బ్రష్షు అవసరం. తివాచీల కోసం తిరిగే బ్రష్షుకు అదనంగా డబ్బు పోయనక్కరలేదు. పరుపులకు వెడల్పాటి చిన్న మూతి మాత్రం తప్పక అడగండి.

అమ్మేవారు వాట్ల సంఖ్య చెప్పి మురిపిస్తారు. వాట్లు విద్యుత్తు ఖర్చుకు కొలత గాని దుమ్ము లాగే శక్తికి కాదు. ఐరోపా సమాఖ్య 2014లో 1600 వాట్లకు, 2017లో 900 వాట్లకు మించరాదని గృహ యంత్రాలకు హద్దు పెట్టినది. అక్కడి ఇళ్ళు మురికిపట్టిపోలేదు.

సంచి రకంలో ఉన్న పెద్ద చిక్కు సంచి దొరకడమే. మన ఊళ్ళలో యంత్రం దొరికినంత తేలికగా సంచులు దొరకవు. యంత్రం ధర అడగక ముందే, "దీని సంచులు మీ వద్ద ఉన్నాయా, ఒక్కొక్కటి ఎంత?" అని అడగండి. చూపించలేకపోతే ఆ యంత్రం వద్దు. ఏడాదికి సరిపడే సంచులు యంత్రంతోపాటే కొని ఉంచుకోవడం మేలు. ఖర్చు దండగ అని పాత సంచినే దులిపి మరల తగిలించేవారున్నారు. వారు సంచి లేని యంత్రం కొన్నా ఒకటే.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు. సంచి ముప్పావు వంతు నిండగానే మార్చవలెను. విభూతి, అగరువత్తి బూడిద, ముగ్గుపిండి యంత్రంతో లాగరాదు; అవి సంచి రంధ్రాలను పూడుస్తాయి. తడి తగలరాదు. రోగి ఆ సమయాన వేరొక గదిలో ఉండవలెను, కిటికీలు తెరచి ఉంచవలెను. పనిమనిషి చేత చేయిస్తే ఆమె ఊపిరి కూడా ఊపిరే. సంచి మార్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఆమెకూ చెప్పండి. పరుపులలో, దిండ్లలో నివసించే డస్ట్ మైట్లనే కంటికి కనబడని జీవుల విసర్జితాలు ఉబ్బసాన్ని రేపుతాయి. అవి యంత్రంతో పూర్తిగా పోవు. దుప్పట్లను, గలీబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకవలెను. యంత్రం మందుకు బదులు కాదు. డాక్టరు వ్రాసి ఇచ్చిన ఇన్‌హేలరును నా మాట మీద ఎవరూ మానరాదు.

ఆ ఉపాధ్యాయిని పాత యంత్రాన్ని ఇచ్చివేసి సంచి ఉన్న చిన్నది కొన్నారు. సంచులు హైదరాబాదులో ఉన్న తమ్ముడి చేత తెప్పించుకుంటున్నారు. మందు ఇంకా కొనసాగుతున్నది. చలికాలంలో ఆయాసం ఇప్పటికీ వస్తున్నది. ఆదివారం రాత్రులు మాత్రం నిద్రపోతున్నానని మొన్న వచ్చినప్పుడు చెప్పారు. పెరుగు మరల తినవచ్చునా అని అడిగారు. పగటిపూట మజ్జిగ చేసుకొని త్రాగమన్నాను.