అందరూ నమ్మితే జబ్బు కాదు, నిజమూ కాదు

కువైట్‌లో ఫర్వానియా గవర్నరేట్ కింద ఉంటుంది అర్దియా. అక్కడి అరబ్బు ఇళ్లలో కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయిన హౌస్ డ్రైవర్లు చాలామంది. కొత్త జీఎంసీ బండి ఇంటికొస్తే చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని మనవాడి చెయ్యి పీకుతుంది. ఆ కాయలు బాబా (ఇంటి యజమాని) కంట పడ్డాయా, ఉద్యోగం ఊడినట్టే. ఊళ్లో దిష్టి తీసే నిమ్మకాయ ఆ ఇంట్లో సిహ్ర్, చేతబడి సరుకు. చెడు చూపు తగులుతుందనడంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. మనవాడు దిష్టి అంటాడు, బాబా ఐన్ అంటాడు. ఎవరికి వారిది ఆచారం, ఎదుటివాడిది మూఢనమ్మకం. పక్కనున్న సౌదీలో 2011 డిసెంబరులో చేతబడి నేరం కింద ఒక మహిళకు మరణశిక్ష అమలు చేశారు. వాళ్లను చూసి ముక్కున వేలేసుకునే హక్కు మనకు లేదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపడానికి కోర్టు కూడా అక్కర్లేకపోయింది.

అయితే ఈ డ్రైవరుకు గానీ, బాబాకు గానీ మానసిక జబ్బు లేదు. నమ్మేవాళ్లందరికీ పిచ్చి అనే మాట హేతువాద సభల్లో చప్పట్లు తెస్తుంది కానీ, వైద్యం దాన్ని ఒప్పుకోదు. అలా అనడం వల్ల నమ్మకస్తుడికి కోపం వస్తుంది, నిజంగా జబ్బుపడ్డవాడు ఇంకా లోపలికి ముడుచుకుంటాడు.

స్కిజోటైపల్ వ్యక్తిత్వ రుగ్మత అని ఒకటుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో తెచ్చిన డీఎస్ఎం-3 గ్రంథంలో దీనికి విడిగా చోటు దొరికింది. 2013 నాటి అయిదో కూర్పు తొమ్మిది లక్షణాలు చెప్పి, కనీసం అయిదు ఉండాలంటుంది. దారిన పోయేవాళ్లు నవ్వుకుంటే తన గురించే అనిపిస్తుంది. ఖాళీ గదిలో ఎవరో ఉన్నట్టు తోస్తుంది. మాట డొంకతిరుగుడుగా సాగుతుంది. అనుమానం వదలదు. నవ్వాల్సిన చోట మొహం కదలదు. తోడబుట్టినవాళ్లు, కన్నవాళ్లు తప్ప దగ్గరివాళ్లుండరు. కొత్తవాళ్ల దగ్గర బెరుకు అందరికీ ఉండేదే, నాలుగు రోజుల్లో పోతుంది. ఇతనికి ఏళ్లు గడిచినా పోదు, ఎందుకంటే అది సిగ్గు వల్ల కాక అనుమానం వల్ల వచ్చిన బెరుకు. వింత నమ్మకాలూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ వాటికొక షరతు పెట్టారు: ఆ మనిషి పుట్టి పెరిగిన జనం నమ్మకాలతో అవి పొసగనివై ఉండాలి.

హేతువాదికి ఈ షరతు గొంతులో ముల్లులా గుచ్చుకోవాలి. ఊరంతా కలిసి అబద్ధం నమ్మితే ఫరవాలేదు, ఒక్కడే నమ్మితే డాక్టరా? నిజమే, వినడానికి అన్యాయంగానే ఉంది. అయితే డాక్టరు పని అబద్ధాన్ని పట్టుకోవడం కాదు, ఆ మనిషి నలిగిపోతున్నాడా అని చూడడం. ఆ షరతుకు రెండో వైపు కూడా ఉంది. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, చుట్టూ ఉన్నవాళ్ల మత విశ్వాసాలతో ఏకీభవించనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదు. ఆ అడ్డు లేకపోతే ఊళ్లో మొట్టమొదట పిచ్చివాడయ్యేది నాస్తికుడే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఊరంతా చేతబడిని నమ్మేచోట ఈ జబ్బు ఉన్నవాడు జనంలో కలిసిపోతాడు. శుక్రవారం పూట డ్రైవర్లు నలుగురూ ఒక గదిలో చేరి మాంసం వండుకుంటున్నారనుకోండి. వాళ్లలో ఒకడు పళ్లెం ముట్టకుండా మూలన కూర్చుని, ‘నాకెవురో ఏందో చేసినారన్నా’ అంటాడు. ఎవరూ ఉలిక్కిపడరు. ‘మా మామకూ అట్లనే చేసినార్లేప్పా’ అని ఒకడు తన కథ ఎత్తుకుంటాడు. అందరికీ తెలిసిన మాటే కదా. మిగతావాళ్ల చేతబడికి ఒక సందర్భం ఉంటుంది: బిడ్డకు జ్వరమొచ్చింది, బోరులో నీళ్లు పడలేదు. కష్టం తీరగానే దాన్ని మరిచిపోతారు. మూలన కూర్చున్నవాడికి సందర్భం అక్కర్లేదు. ఎదురొచ్చిన బండి నంబరులో ఏదో కబురున్నట్టుంటుంది, టీవీలో వార్తలు చదివే ఆమె చెయ్యి తిప్పితే అదొక సైగలా తోస్తుంది. ఆ తేడా గదిలోవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పుకోవడానికి వాళ్ల దగ్గరున్నది చేతబడి ఒక్కటే కాబట్టి తాయెత్తు దగ్గర ఆగిపోతారు. నమ్మకం ఈ జబ్బును పుట్టించదు, కప్పిపెడుతుంది.

ఆ తర్వాత ఐమో యాప్‌లో మంత్రగాడు దొరుకుతాడు. వీడియో కాల్‌లో ఫొటో చూసి, ‘చేయించింది బయటోళ్లు కాదు, మీ ఇంటోళ్లే’ అంటాడు. ఈ మాటకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, తప్పని రుజువయ్యే వీలూ ఉండదు. అసలే ఈ రోగికి మిగిలింది అన్నదమ్ములో, అమ్మో మాత్రమే. మంత్రగాడు సరిగ్గా ఆ ఒక్క కొమ్మనే నరుకుతాడు. పోయిన దీనార్లు మళ్లీ సంపాదించుకోవచ్చు, వదిన మీద పడ్డ అనుమానం పోదు. తాయెత్తు, మంత్రం, కవచం జబ్బు తగ్గిస్తాయని ప్రకటనలివ్వకుండా 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద సొంత చట్టాలు చేసుకున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ తొందర కనబడదు.

2021 జనవరి 24న మదనపల్లెలో ఉన్నత చదువులు చదివి, పాఠాలు చెప్పే తల్లిదండ్రులే ఇద్దరు కూతుళ్లను చంపారు, మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో. తర్వాత వాళ్లను విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. మూఢభక్తి అని కొందరు, పిచ్చి అని కొందరు టీవీల్లో తేల్చేశారు. దానికి ఏ జబ్బు పేరు పెట్టాలో దూరాన కూర్చున్న మనం చెప్పకూడదు. ఒకటి మాత్రం అడగొచ్చు: ఒక ఇంట్లో తేడా వచ్చి, అది బయటికి భక్తిలా కనబడుతుంటే, తలుపు తట్టేదెవరు?

మరి హేతువాది వెళ్లి తలుపు తడితే? మన దగ్గరున్న పనిముట్టు ప్రదర్శన. కత్తికి మందారపూలు రుద్ది నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. మంత్రగాడు రక్తమని నమ్మించేది ఉత్త రసాయన చర్య అని జనం ముందు తేల్చి చూపుతాం. గుంపు మీద ఇది బాగా పనిచేస్తుంది, నేర్చుకున్న భయాన్ని ఊడదీయడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. మూలన కూర్చున్నవాడి మీద పనిచేయదు. కత్తి పట్టుకున్న నిన్ను ఎవరు పంపారో అని చూస్తాడు. అతని భయం ఎవరో నేర్పింది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ 1962లోనే ఈ తీరుకూ స్కిజోఫ్రీనియాకూ వంశపారంపర్యమైన మూలం ఒకటే అయి ఉంటుందని వాదించాడు. 1968లో కేటీ, రోసెంతాల్, వెండర్ డెన్మార్క్‌లో దత్తత పోయిన పిల్లల వివరాలు తిరగేస్తే, ఈ ఛాయలు పెంచిన ఇంట్లో కాక కన్నవాళ్ల వైపు ఎక్కువగా కనిపించాయి. ఎవరో ‘చేయించారు’ అన్న సిద్ధాంతానికి అంతకంటే గట్టి జవాబు ఏ ప్రదర్శనతోనూ రాదు.

తొందరపడి జబ్బు అంటగట్టకూడని చోటు కూడా ఇదే అర్దియాలో ఉంది. ‘నన్ను ఎప్పుడూ చూస్తుంటారు’ అని ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) పనిచేసే ఆమె అంటే, వంటగదిలో నిజంగానే కెమెరా ఉండొచ్చు. ‘నా కాగితాలు దాచేశారు’ అంటే పాస్‌పోర్టు నిజంగానే మామా (ఇంటి యజమానురాలి) బీరువాలో ఉండొచ్చు. అలా ఉంచుకోకూడదని కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం చెబుతోంది. ముందు ఆ బీరువా సంగతి తేల్చి, తర్వాత అనుమానం సంగతి చూడాలి. స్కిజోటైపల్ తీరు తొలి యవ్వనం నాటికే కనబడుతుంది. ఊళ్లో కలివిడిగా తిరిగినవాడు కువైట్ వచ్చిన కొద్ది నెలల్లో మారిపోయి, చెవిలో గొంతులు వినబడుతున్నాయంటే అది వేరే జబ్బు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు.

స్కిజోటైపల్ తీరుకు ఒక్క మాత్రతో నయమయ్యే వైద్యం లేదు. కొందరికి తక్కువ మోతాదు యాంటీసైకోటిక్ మందులు సాయపడతాయి, కౌన్సెలింగ్ ఓపిగ్గా సాగాలి. తోటివాళ్లు అవునని తలూపొద్దు, కాదని వాదించొద్దు. ‘నాకైతే అట్ల అనిపించలేదు, కానీ నువ్వు రాత్రంతా నిద్రపోలేదు గదా, ముందు అది చూద్దాం పద’ అంటే చాలు. కువైట్‌లో మానసిక వైద్యానికి విడిగా ప్రభుత్వ కేంద్రమే ఉంది. అయితే డాక్టరు ముందు దుబాసీగా బాబానే కూర్చుంటే రోగి నోరు విప్పడు, ఇఖామా (నివాస అనుమతి) పోతుందన్న భయం వేరే. ఇక్కడ ఊళ్లో ఉన్న భార్య 14416కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగొచ్చు. టెలి మానస్ పేరుతో 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఉచిత సేవ అది. సెలవు మీద ఊరికొచ్చినప్పుడు గుడి, దర్గా, మంత్రగాడు అన్నీ అయ్యి విమానం రేపనగా డాక్టరు దగ్గరికి వెళ్తే లాభం లేదు. వచ్చిన వారంలోనే చూపిస్తే మందు పడుతుందో లేదో గమనించి మోతాదు మార్చే వ్యవధి ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు మందులతో పాటు చీటీ, డాక్టరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం చేతిసంచిలో పెట్టుకోవాలి.